గర్భసంచి తీసేయాలన్నారు, నేను ముందు పరీక్షకి వెళ్ళాను

నాకు 48 ఏళ్ళు. ఖమ్మంలో ఇరవై రెండేళ్ళుగా బ్లౌజులు కుడుతున్నాను. హైదరాబాద్‌లో ఒక ట్రస్టు ఆసుపత్రివాళ్ళు నడిపే ఆడవాళ్ళ క్యాన్సర్ పరీక్షల క్లినిక్‌కి ఈ మధ్య రెండుసార్లు వెళ్ళొచ్చాను. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఒకటి ఎందుకు తగ్గించానో కూడా రాస్తాను.

నాలుగు నెలలుగా నా నెలసరి దారి తప్పింది. మొదలైతే పది పన్నెండు రోజులు ఆగేది కాదు, గడ్డలు పడేవి. మిషన్ మీద కూర్చుని లేస్తే కళ్ళు తిరిగేవి. మా ఊళ్ళో ఒక నర్సింగ్‌హోమ్‌కి వెళ్తే స్కానింగ్ తీశారు. గర్భసంచిలో మూడు సెంటీమీటర్ల గడ్డ ఉంది, పిల్లలు పుట్టేశారుగా, ఇంక దాంతో పనేముంది, ఉంచుకుంటే రేపు క్యాన్సర్ అవుతుంది అన్నారు. లోపలి పరీక్ష చేయలేదు, ముక్క తీసి చూడలేదు. శుక్రవారం ఆపరేషన్‌కి ఖాళీ ఉందన్నారు, 55 వేలు ప్యాకేజీ అన్నారు. క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక మనిషికి ఇంకేదీ వినపడదు. అడ్వాన్సు కట్టడానికి మా ఆయన ఏటీఎంకి బయల్దేరాడు కూడా.

నన్ను ఆపింది మా చెల్లెలు. తనకి 29వ ఏట గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అవుతోందని వెళ్తే ఇదే మాట చెప్పారు, క్యాన్సర్ అవుతుందని. ఇప్పుడు తనకి 44. ఒళ్ళంతా సెగలు, నిద్ర ఉండదు, ఎముకల నొప్పులు. "నేను ఎవరినీ అడగలేదక్కా, నువ్వయినా ఒకసారి అడుగు" అని ఫోన్‌లో ఏడ్చింది. ఆ మాటకే నేను తెల్లవారుజామున నాలుగింటి బస్సెక్కాను.

ముందే ఫోన్ చేసి వెళ్ళడం మంచిది. రక్తం పోతున్న రోజుల్లో ఈ పరీక్షలు సరిగ్గా తేలవు, ఆగాక రమ్మని వాళ్ళే చెప్పారు. ముందు రోజు భార్యాభర్తలు దూరంగా ఉండమన్నారు, లోపల మందులేవీ పెట్టుకోవద్దన్నారు. ఈ మూడు మాటలు ఫోన్‌లోనే చెప్పబట్టి నాకు ఒక బస్సు ఛార్జీ మిగిలింది.

పొద్దున తొమ్మిదింటికి టోకెన్ ఇచ్చారు, నాది 17. పిలిచేసరికి పదకొండున్నర. హాలు శుభ్రంగా ఉంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కుర్చీలు మాత్రం చాలవు. మగవాళ్ళు ఒక గీత దాటి లోపలికి రాకూడదు. ఆ గీత లోపలే కౌన్సెలింగ్ గది. ఈ క్లినిక్‌కి నేనిచ్చిన నాలుగు స్టార్లలో రెండు ఆ గదికే.

అక్కడ నడివయసు సిస్టర్ ఒకామె కూర్చోబెట్టి, తెల్లకాగితం మీద బాల్‌పెన్నుతో గర్భసంచి బొమ్మ వేశారు. "అమ్మా, ఆడవాళ్ళ క్యాన్సర్ అంటే ఒక్కటి కాదు. ఇదిగో ఇది మెడ, ఇది సంచి, ఈ పక్కా ఆ పక్కా అండాశయాలు, కింద యోని, బయట పెదవుల్లాంటి భాగం. ఒక్కోచోట వచ్చేది ఒక్కో జబ్బు. కారణం వేరు, లక్షణం వేరు, పరీక్ష వేరు" అన్నారు. ఇద్దరు బిడ్డల్ని కన్నాను, నా ఒంట్లో ఏది ఎక్కడుందో ఒకరు నాకు బొమ్మ గీసి చెప్పడం అదే మొదటిసారి.

సంచి లోపలి పొర గురించి ఆమె చెప్తుంటే నాకు లైనింగ్ బ్లౌజు కళ్ళ ముందు కనపడింది. పైన పట్టు, లోపల కాటన్ లైనింగ్. నెలనెలా ఆ లైనింగే ఊడి బయటికి పోతుంది, మళ్ళీ కొత్తది పెరుగుతుంది. ముట్లు ఆగిపోయాక అది పలచబడి ఊరుకోవాలి. అలా ఊరుకోకుండా మందంగా పెరుగుతూ పోతే అక్కడ క్యాన్సర్‌కి దారి పడొచ్చు. ఒళ్ళు బాగా ఉన్నవాళ్ళకి, షుగరున్నవాళ్ళకి, పీసీఓడీతో (అండాశయాల్లో నీటిబుడగలు అంటారే, దాంతో) ఏళ్ళ తరబడి నెలసరి సరిగ్గా రానివాళ్ళకి ఆ భయం ఎక్కువట. ముట్లు ఆగినవాళ్ళకి రక్తం కనపడి, స్కానింగ్‌లో ఆ పొర నాలుగు మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి చూస్తారట. అలా రక్తం కనపడ్డ పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి క్యాన్సర్ ఉండదనీ, ఆ పదో మనిషి ఎవరో చూడకుండా తెలియదనీ చెప్పారు.

నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ముట్లు ఆగిన ఆరేళ్ళకి ఆమె మళ్ళీ బట్ట చూసింది. నెలసరి తిరిగొచ్చిందనుకుంది. పాత అలవాటు ప్రకారం మూడు రోజులు వసారాలో దూరంగా కూర్చుని, తలంటు పోసుకుని లోపలికొచ్చింది. నెలనెలా అలాగే చేసింది. ఇంట్లో మేమందరం ఆమెకి మంచం వేరుగా వేశాం, నీళ్ళు పైనుంచి పోశాం, డాక్టరు దగ్గరికి మాత్రం తీసుకెళ్ళలేదు. ఏడాదికి తీసుకెళ్ళేసరికి చేయి దాటిపోయింది. ఆగిపోయాక వచ్చే రక్తం నెలసరి కాదని, ఒక్క చుక్కయినా చూపించుకోవాల్సిందేనని ఆ రోజు మా ఇంట్లో ఒక్కరికి తెలిసినా బాగుండేది.

తర్వాత మెడ. అంటే గర్భసంచి ముఖద్వారం. మన దేశంలో ఆడవాళ్ళని రొమ్ము క్యాన్సర్ తర్వాత ఎక్కువగా పట్టుకుంటున్నది ఇదే. 2022లో కొత్తగా దాదాపు లక్షా 27 వేలమందికి వచ్చింది, 80 వేలమంది దాకా చనిపోయారు. దీనికి కారణం హెచ్‌పీవీ అనే వైరస్. కాపురం చేసేవాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, ఎక్కువమందికి ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుంది. కొందరిలో పోకుండా ఉండిపోతుంది. అలా ఉండిపోయి క్యాన్సర్‌గా మారడానికి పదిహేను ఇరవై ఏళ్ళు పడుతుందట. "ఇది ఎవరి నడతకీ గుర్తు కాదమ్మా, ఒక్క భర్తతో ఉన్న ఇల్లాలికీ రావచ్చు" అని సిస్టర్ గట్టిగా చెప్పారు. పక్కన కూర్చున్న పెద్దావిడ ఆ మాట విని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమె కథ నేను అడగలేదు.

పరీక్ష సంగతి చాలామంది భయపడతారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. కర్టెన్ వేసి, లంగా తీయనవసరం లేదు పైకి జరుపుకోమన్నారు, కాళ్ళమీద దుప్పటి కప్పారు. డాక్టరు ఆడమనిషే. లోపల పెట్టే పనిముట్టుని సిస్టర్ గోరువెచ్చని నీళ్ళలో ముంచి తెచ్చింది. "ఊపిరి నెమ్మదిగా వదలమ్మా" అంది. నొక్కినట్టుంది గానీ నొప్పి లేదు. చిన్న బ్రష్‌తో ఏదో తుడిచినట్టు తీసి సీసాలో వేశారు, అది హెచ్‌పీవీ పరీక్షకి. ఆ తర్వాత దూదితో మందు అద్దారు. గదంతా నూడుల్స్ బండి దగ్గర వచ్చే వెనిగర్ వాసన! నిజంగా వెనిగర్ జాతి మందేనట, నాలుగైదు శాతం ఎసిటిక్ యాసిడ్. ఒక నిమిషం ఆగి చూస్తే, తేడా ఉన్నచోట తెల్లగా మచ్చ కడుతుంది. ఒక చిన్న కెమెరా పెట్టి నాకూ స్క్రీన్ మీద చూపించారు. గులాబీ రంగులో గుండ్రంగా, మధ్యలో చిన్న గీత. తెల్లదనం ఎక్కడా లేదు. "ఇదమ్మా మీ గర్భసంచి ముఖద్వారం, బాగుంది" అన్నారు డాక్టరు. అంతా కలిపి పది నిమిషాలు లేదు.

ఆ వెనిగర్ పరీక్షని తేలిగ్గా చూడకండి. ముంబై బస్తీల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రివాళ్ళు డాక్టర్లు కాని మామూలు ఆడవాళ్ళకి శిక్షణ ఇచ్చి, రెండేళ్ళకోసారి ఈ పరీక్ష చేయించారు. లక్షన్నర మంది ఆడవాళ్ళ మీద ఏళ్ళ తరబడి చూసి, ఈ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయని 2013లో చెప్పారు. 30 నుంచి 65 ఏళ్ళ మధ్యవాళ్ళకి ఐదేళ్ళకోసారి చేయాలని ప్రభుత్వ పథకంలో కూడా ఉంది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. ఇక అంతకు ముందు సర్వేలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రాలో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. ఈ లెక్కలు కౌన్సెలింగ్ గది గోడమీద తెలుగులో రాసి పెట్టారు. నేను రెండుసార్లు చదివాను. చూసుకోవడానికి రాని మనం తీయించుకోవడానికి వెళ్తున్నాం.

నాకు వయసు 45 దాటింది, రక్తం ఎక్కువ పోతోంది కాబట్టి లోపలి పొర నుంచి కూడా ముక్క తీశారు. సన్నని స్ట్రాలాంటి గొట్టం. కొంచెం లాగినట్టుంటుంది అంతే అన్నారు. అంతే కాదు. నెలసరి మొదటిరోజు నొప్పిని ఒక్క నిమిషంలో కుదించినట్టు వచ్చింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిస్టర్ చెయ్యి పట్టుకుంది గానీ, ముందే నిజం చెప్పి గంట ముందు నొప్పి మాత్ర ఇచ్చి ఉండాల్సింది. తర్వాత అరగంట పడుకోనిచ్చారు.

అండాశయాల దగ్గరికొచ్చేసరికి నేను సిస్టర్‌ని ఒక మాట అడిగాను. ఒక ల్యాబువాళ్ళు మా వీధిలో పాంప్లెట్లు పంచారు, ఆడవాళ్ళ క్యాన్సర్ ప్యాకేజీ, సీఏ-125 రక్తపరీక్షతో సహా అని. అది కూడా రాయండి, చేయించుకుంటాను అన్నాను. ఆమె రాయలేదు. గడ్డలున్నా, నెలసరిలో ఉన్నా క్యాన్సర్ లేకుండానే ఆ లెక్క పెరగొచ్చు, ఊరికే టెన్షన్ పడతారు అన్నారు. ఇంగ్లండులో రెండు లక్షలమంది ఆడవాళ్ళకి ఏళ్ళ తరబడి ఆ రక్తపరీక్ష, స్కానింగులు చేసి చూశారట. వాటివల్ల చావులు తగ్గలేదని 2021లో తేలిందట. ఏ బాధా లేనివాళ్ళకి అండాశయ క్యాన్సర్‌ని ముందే పట్టిచ్చే పరీక్ష ఇంకా లేదు. ఇంట్లో అమ్మకో అక్కకో అండాశయ క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ ఉంటే మాత్రం తప్పకుండా చెప్పాలి, బీఆర్‌సీఏ అనే జన్యువుల్లో లోపం ఉంటే అది కుటుంబంలో దిగుతుంది, వాళ్ళకి దారి వేరు. నేను ఇస్తానన్న డబ్బు వద్దన్న ఆసుపత్రిని చూడటం నాకిదే మొదలు.

"మరి ఎలా తెలుస్తుంది సిస్టర్?" అన్నాను. ఆమె వేళ్ళు మడిచి చెప్పారు. కడుపు ఉబ్బరం తగ్గకుండా ఉండటం, రెండు ముద్దలకే కడుపు నిండటం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రానికి పరిగెత్తడం. ఇవి కొత్తగా మొదలై, దాదాపు రోజూ ఉండి, రెండు మూడు వారాలు దాటితే గ్యాస్ అని సరిపెట్టుకోకూడదు. "మనిషి చిక్కిపోతుంటుంది, పొట్ట మాత్రం పెరుగుతుంది. లోపల నీరు చేరుతుందమ్మా."

అది విన్నాక నాకు కాసేపు మాట రాలేదు.

మా వీధిలో ఒక టీచరమ్మ ఉండేవారు. పదేళ్ళు నా దగ్గరే కుట్టించుకున్నారు, ఆమె కొలతలు నాకు పుస్తకం చూడకుండా వచ్చు. మూడేళ్ళ క్రితం దసరాకి ముందు ఒక నీలం బ్లౌజు తెచ్చి, అడుగు దగ్గర పట్టేస్తోంది, వదులు చెయ్యమన్నారు. సైడు కుట్టు ఒకటి విప్పాను. నెలకి మళ్ళీ తెచ్చారు. రెండో కుట్టు విప్పాను. అప్పుడే వేసి చూపించమంటే, భుజాల దగ్గర బట్ట జారిపోతోంది, చేతులు వదులు, కింద హుక్కు మాత్రం అందట్లేదు. "ఏంటి టీచరమ్మా, పైన చిక్కారు, కింద ఒళ్ళొచ్చింది?" అన్నాను. "గ్యాసమ్మా, అన్నం తినబుద్ధి కావట్లేదు" అన్నారు. భుజం దగ్గర అరంగుళం లోపలికి కుట్టి, కింద ఉన్న మార్జిన్ అంతా వదిలేసి ఇచ్చాను. 60 రూపాయలు తీసుకున్నాను. సంక్రాంతి నాటికి ఆమె ఆసుపత్రిలో ఉన్నారు, అండాశయం క్యాన్సర్, కడుపంతా పాకిందన్నారు. ఉగాదికి లేరు. ఆ పైనా కిందా కొలతల తేడా నా టేపుకి దొరికింది. నాకు దాని అర్థం తెలియలేదు.

ఇప్పుడు ఎవరైనా అలా పైన వదులు, కింద బిగుతు అని బ్లౌజు తెస్తే నేను కుట్టు విప్పే ముందు నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాను. ఈ రెండు నెలల్లో ఒకామెని స్కానింగ్‌కి పంపాను కూడా. ఆమెకి ఏమీ లేదు, ఒట్టి ఒళ్ళే. నా మీద కోపం కూడా తెచ్చుకోలేదు.

బయటి భాగం గురించి క్లుప్తంగానే చెప్పారు. అరుదు, కానీ నెలల తరబడి మానని దురద, తెల్లబారిన చర్మం, మానని పుండు ఉంటే ఆయింట్‌మెంట్లు మారుస్తూ కూర్చోకుండా చూపించుకోవాలి. యోనిలో వచ్చేది ఇంకా అరుదు.

నాతో మా పాపని కూడా తీసుకెళ్ళాను, పదమూడేళ్ళు. టీకా సంగతి అడగాలని. అడిగాను గానీ భయం భయంగా అడిగాను, ఎందుకంటే మాది ఖమ్మం. 2009లో మా జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి ఈ హెచ్‌పీవీ టీకాలు వేశారు, ఎక్కువగా హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలకి. కొందరు పిల్లలు చనిపోయారని గొడవై 2010లో ఆపేశారు. మా దగ్గర ఆ మాట ఇంకా పోలేదు. డాక్టరు నన్ను తిట్టలేదు, మూఢనమ్మకం అనలేదు. ఇక్కడా గుజరాత్‌లో కలిపి ఏడు మరణాల మీద విచారణ జరిగిందనీ, పాముకాటు, నీళ్ళలో పడటం, మలేరియా లాంటి కారణాలు బయటపడ్డాయనీ, టీకావల్ల అని తేలలేదనీ చెప్పారు. "కానీ అమ్మా, తల్లిదండ్రుల్ని అడగకుండా వార్డెన్ల సంతకాలతో వేశారు. అది తప్పే. మీ ఊరివాళ్ళ కోపంలో న్యాయం ఉంది" అన్నారు. ఆ మాట ఒప్పుకున్నారు కాబట్టే మిగతావి నమ్మాను.

ఆ వైరస్‌లో 16, 18 అనే రెండు రకాలే నూటికి డెబ్బై ముఖద్వార క్యాన్సర్లకి కారణం, టీకా వాటిని ఆపుతుంది. వైరస్ తగలకముందే, 9 నుంచి 14 ఏళ్ళలో వేయిస్తే రెండు డోసులు, ఆరునెలల తేడాతో. పదిహేను దాటితే మూడు. 2023 నుంచి పుణెలో తయారయ్యే సెర్వావాక్ అనే టీకా కూడా దొరుకుతోంది. మా పాపకి మొదటి డోసు అక్కడే వేయించాను, సంతకం నేనే పెట్టాను. చెయ్యి ఒకరోజు నొప్పి పెట్టింది. టీకా వేసుకున్నా ముప్పై దాటాక పరీక్ష మానకూడదని పాపకే చెప్పి పంపారు.

ఇక తగ్గించిన స్టారు. సంతకం పెట్టించుకునే కాగితాలు, రిపోర్టులు అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. అంత బాగా తెలుగులో చెప్పే చోట, కాగితం తెలుగులో ఎందుకు లేదో నాకు అర్థం కాలేదు. హాల్లో ఒక కుర్రాడు "పాప్ స్మియర్‌వాళ్ళు ఇటు రండి" అని, అంటే ముఖద్వారం దగ్గర తుడిచి తీసే పరీక్షకి వచ్చినవాళ్ళని, గట్టిగా అరుస్తాడు, ఇద్దరు ఆడవాళ్ళు సిగ్గుతో లేవలేక టోకెన్ పోగొట్టుకున్నారు. బాత్రూమ్ గడియ ఊడిపోయి ఉంది, పాపని బయట కాపలా పెట్టాను. కౌన్సెలింగ్ సిస్టర్ ఒంటిగంట దాకే ఉంటారు, ఆ తర్వాత వచ్చినవాళ్ళకి బొమ్మా లేదు, మాటా లేదు. దూరం నుంచి వచ్చేవాళ్ళు టోకెన్ ఆలస్యమైతే ముందే ఆ గదిలో కూర్చోవడం మంచిది.

ఖర్చు: పేరు నమోదుకి 100, స్కానింగ్ 800, హెచ్‌పీవీ 1,200, ముక్క పరీక్ష 1,800. మొత్తం 3,900. తెల్లకార్డు చూపిస్తే స్కానింగ్‌లో కొంత తగ్గిస్తారట, నేను కార్డు తీసుకెళ్ళలేదు. ఏదైనా బయటపడితే ఆరోగ్యశ్రీ మీద రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి కాగితం రాసి పంపుతారు. ఆ భరోసా నేను అడక్కుండానే ఇచ్చారు.

రిపోర్టు పదో రోజు వస్తుందన్నారు, పన్నెండో రోజు ఫోన్ చేశారు. రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరు చెప్పింది ఇది: ముక్కలో క్యాన్సర్ లేదు. హెచ్‌పీవీ లేదు. మూడు సెంటీమీటర్ల గడ్డ ఫైబ్రాయిడ్, అంటే గర్భసంచి కండలో పెరిగే మామూలు గడ్డ, నా వయసులో చాలామందికి ఉండేదే, అది క్యాన్సర్‌గా తేలడం చాలా అరుదు. ఒంట్లో రక్తం (హిమోగ్లోబిన్) 8.6కి పడిపోయింది, అసలు ప్రమాదం అదే. ఐరన్ మాత్రలు, రక్తం పోవడం తగ్గడానికి మాత్రలు రాశారు. మందులకి లొంగకపోతే అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడదాం, అప్పుడు కూడా అండాశయాలు ఉంచాలా వద్దా అని మీతో కూర్చుని ఆలోచించే చేస్తాం అన్నారు. ముట్లు ఆగకముందే అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు, గుండె దెబ్బతినే అవకాశం పెరుగుతుందట. శుక్రవారం ఆపరేషన్ అన్నవాళ్ళెవరూ నాకు ఇది చెప్పలేదు.

వచ్చే మంగళవారం మా చెల్లెల్ని తీసుకెళ్తున్నాను. గర్భసంచే లేదు, తనకి పరీక్షేంటి అని మా మరిది అడిగాడు. నేనూ సిస్టర్‌ని అదే అడిగాను. కొన్ని ఆపరేషన్లలో సంచి తీసి మెడ ఉంచేస్తారట, మెడ ఉంటే పరీక్ష మానకూడదట. అండాశయాలు ఉన్నాయో లేవో కూడా తెలియాలి. "అప్పటి డిశ్చార్జి కాగితం తెమ్మనండి, దాంట్లో రాసుంటుంది" అన్నారు. పదిహేనేళ్ళ నాటి కాగితం. నిన్న రాత్రి మా చెల్లెలు బీరువా మొత్తం కింద పోసి వెతికింది. పెళ్ళి చీరల కింద, పిల్లల టీకా కార్డుల మధ్య బిల్లు దొరికింది, 18 వేలు. కాగితం ఇంకా దొరకలేదు. ఈ రోజు అటక మీద చూస్తానంది.